మూడో తరగతి: ప్రశ్నలతో నడిచే పాఠం, చదవడం రెండూ కలిసే సామగ్రి ఏముంది?

పలకాబలపం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మూడో తరగతికి తెలుగు, సైన్స్ రెండూ నేనే చెప్తాను. పాఠం మొత్తం నేనే అప్పజెప్పేయకుండా, పిల్లల ప్రశ్నతో మొదలుపెట్టి, వాళ్లే చూసి, కొలిచి, తేల్చుకునేలా నడపాలని ఉంది. మొక్కల పాఠం వస్తోంది, దాంతో మొదలుపెడదామనుకుంటున్నాను.

ఇంటర్నెట్‌లో "ఎంక్వైరీ ప్యాక్" పేరుతో దొరికేవన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. పైన భూతద్దం పట్టుకున్న కుర్రాడి బొమ్మ, కింద ఖాళీలు. "గింజ మొలవడానికి ______ కావాలి." పూరించాల్సిన మాట ముందే తేలిపోయాక ఇక పిల్లలు వెతికేదేముంది?

అసలు చిక్కు ఇంకోటి. తరగతిలో మూడో వంతు మంది గుణింతాల దగ్గరే తడబడుతున్నారు. ఒత్తు వస్తే ఆగిపోతారు. వీళ్లకి చదవడం నేర్పాల్సిన టైములో గింజలూ భూతద్దాలూ అంటూ కూర్చుంటే రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. రెండూ కలిసి నడిచే సామగ్రి మీరేం వాడుతున్నారు? ప్రింటౌట్లు తీసి లామినేట్ చేయించే ఓపిక నాకు లేదని ముందే చెప్పేస్తున్నా.

చీమలబారు

పలకాబలపం గారూ, ప్యాకులు పక్కన పెట్టేయండి. మొక్కల పాఠానికి నేను వాడేవి చిక్కుడు గింజలు, జిప్ ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ సంచులు, తడిపిన కాగితం, స్కేలు, గీతల్లేని నోటుబుక్కు. అంతే. వంటకి అమ్మే గింజలే తీసుకోండి. విత్తడానికి అమ్మేవాటికి మందు పట్టించి ఉండొచ్చు, పిల్లల చేతికి అవి వద్దు.

మొదటి రోజు గింజ గురించి ఒక్క ముక్క చెప్పను. నానిన గింజ ఒకటి, నాననిది ఒకటి చేతిలో పెడతాను. హార్వర్డ్ యూనివర్సిటీలో ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం తయారుచేసిన చిన్న పద్ధతి ఒకటుంది: ఏం చూస్తున్నావు, చూసి ఏం అనుకుంటున్నావు, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది. ఈ మూడూ, ఈ వరసలోనే. మొదటిదాన్ని తొందరగా దాటించకండి. "ఇది బతికుంది సర్" అంటారు. అది చూసింది కాదు, అనుకున్నది. "ఏం చూసి అలా అనుకున్నావ్?" అంటే అప్పుడు వస్తుంది: "తోలు ముడతలు పడింది, ఒక పక్క చిన్న మచ్చ ఉంది, నాననిదాని కంటే పెద్దగా ఉంది." చదివేటప్పుడు చేయాల్సిన పని కూడా ఇదే కదా. పేజీలో ఉన్నదేది, మనం ఊహించుకున్నదేది అని విడదీసుకోవడం.

తర్వాత రెండు సంచులు. ఒకటి వెలుతురులో, ఒకటి బీరువాలో. ముందు ఊహ రాయిస్తాను. చీకట్లోది మొలవదని దాదాపు అందరూ రాస్తారు, "మొక్కకి ఎండ కావాలి" అని రెండో తరగతిలోనే కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి. రెండూ మొలుస్తాయి! పైగా చీకట్లోది కిటికీ దగ్గరదానికంటే పొడుగ్గా, పాలిపోయి ఉంటుంది. ఇక చూడండి గోల. పొడుగ్గా ఉంది కాబట్టి మొక్కకి చీకటే మంచిదని ఒక జట్టు, పచ్చగా లేదు కాబట్టి జబ్బు చేసిందని ఇంకో జట్టు. మొలవడానికి కావలసిన ఆహారం గింజ బద్దల్లోనే ఉందనీ, చీకట్లో మొలక వెలుతురు అందేదాకా పొడవు పెరగడం మీదే శక్తంతా పెడుతుందనీ నేను అప్పుడు కూడా చెప్పను. ఆ గోల మధ్యలో పుస్తకం తెరుస్తాను. అదే పేజీ ముందు రోజు ఇచ్చి ఉంటే ఆవలించేవాళ్లు.

సూటిమాట

గింజల పాఠం బాగుంది, కాదనను. కానీ అడిగిన ప్రశ్నలో అసలు భాగం చదవలేని ఆ మూడో వంతు గురించి. దాన్ని దాటవేశారు.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమనేది రెండింటి లబ్ధం: రాసినదాన్ని పలకగలగడం, విన్నదాన్ని అర్థం చేసుకోగలగడం. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా మొత్తం సున్నాయే. మీ గింజల గోల రెండోదాన్ని పెంచుతుంది. మొదటిదాన్ని వెంట్రుకవాసి కూడా కదపదు. "ష్ట" చూసి పలకలేని పిల్లవాడికి భూతద్దం ఇచ్చినా పలకలేడు.

మన లిపి సంగతి కూడా చూడండి. ఇంగ్లిష్‌కి 26 అక్షరాలు. మనకి అచ్చులు, హల్లులు, ప్రతి హల్లుకీ గుణింతం, ఆపైన ఒత్తులు కలిపితే కంటికి కనిపించే రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాల మీద పట్టు రావడానికి ఒకటి రెండేళ్లు చాలవని, ప్రాథమిక తరగతులన్నింటా ఆ పని సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. ఒకటో తరగతిలో అక్షరమాల అయిపోయిందని చేతులు దులుపుకుంటే మూడో తరగతిలో ఇలాగే ఉంటుంది.

ఇంకో మాట. కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో రాసిన వ్యాసం ఉంది. ఏ దారీ చూపించకుండా పిల్లల్ని వాళ్లంతట వాళ్లే కనుక్కోమని వదిలేయడం కొత్తగా నేర్చుకునేవాళ్లకి పనిచేయదని చెప్పారు. వాళ్ల బుర్ర మీద ఒకేసారి అంత బరువు పెట్టలేం. చదవడం కూడా రానివాళ్లకి ఇది రెట్టింపు బరువు.

చీమలబారు

సూటిమాట గారూ, ఆ వ్యాసానికి మరుసటి ఏడాదే, అంటే 2007లో, హ్మెలో-సిల్వర్, డంకన్, చిన్ సమాధానం రాశారు. ప్రశ్నలతో నడిచే బోధనంటే దారి చూపించకపోవడం కాదు, అడుగడుగునా ఆసరా ఉంటుందని. నేను చెప్పింది మళ్లీ చూడండి. గింజలు నేనే ఇచ్చాను, రెండు సంచులే పెట్టాలని నేనే తేల్చాను, ఎప్పుడు పుస్తకం తీయాలో కూడా నా చేతిలోనే ఉంది. పిల్లలకి వదిలింది చూడడం, ఊహించడం, వాదించుకోవడం.

బాంచి, బెల్ 2008లో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. ఫలితం ముందే తెలిసి సరిచూసుకోవడం మొదటిది. ప్రశ్న, పద్ధతి టీచరివి, జవాబు పిల్లలది, ఇది రెండోది. ప్రశ్న మాత్రమే టీచర్ది అయితే మూడోది. ప్రశ్నతో సహా అన్నీ పిల్లలవే అయితే నాలుగోది. మూడో తరగతిలో రెండో మెట్టు మీద ఏడాదంతా ఉన్నా తప్పేం లేదు. నాలుగో మెట్టు ఫోటోలు పెట్టి అందర్నీ హడలగొట్టేవాళ్లని పట్టించుకోకండి.

అక్షరాల మాట మాత్రం మీరన్నదే నిజం. దానికి వేరే టైము ఉండాల్సిందే.

కొత్తటీచర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది రెండో తరగతి, ఇదే మొదటి ఏడాది. "మీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగితే నా పిల్లలు రెండే అడుగుతున్నారు. "మేడమ్, బెల్లు ఎప్పుడు కొడతారు?", "మేడమ్, ఇది నోట్స్‌లో రాయాలా?" ప్రశ్నలు అడగడం ఎలా నేర్పాలి?

లెక్కలమాస్టారు

రెండూ న్యాయమైన ప్రశ్నలే 🙂

పుస్తకాలబీరువా

నేను స్కూల్ లైబ్రరీ చూస్తాను. కొత్తటీచర్ గారూ, "మీకేం డౌట్స్ ఉన్నాయి?" అని గాల్లోకి అడిగితే ఏ వయసువాళ్లయినా మౌనమే. చేతిలో వస్తువో, కళ్ల ముందు బొమ్మో, ఒక వింత వాక్యమో ఉండాలి. పిల్లలకి ప్రశ్నలు వేయడం నేర్పే రైట్ క్వశ్చన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ వాళ్ల పద్ధతి చిన్న పిల్లలతో కూడా బాగా నడుస్తుంది. ముందు మీరు ఒక వాక్యం పెట్టాలి, అది ప్రశ్న కాకూడదు. ఉదాహరణకి "చీమలు దారి తప్పవు." ఇక నియమాలు. వీలైనన్ని ప్రశ్నలు అడగాలి. మధ్యలో ఆగి ఏ ప్రశ్నకీ జవాబు చెప్పకూడదు, ఇది మంచిది ఇది చెడ్డది అనకూడదు. ఎవరేం అడిగితే అదే మాటల్లో రాయాలి. ఎవరైనా ప్రశ్న కాకుండా మామూలు వాక్యం చెప్తే దాన్ని ప్రశ్నగా మార్చాలి. జవాబు చెప్పకుండా నోరు కట్టుకోవడం పిల్లలకంటే మనకే కష్టం.

అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కూడా గమనించుకోండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని చూస్తే, ప్రశ్న అడిగిన తర్వాత టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, పిల్లలు అడిగే ప్రశ్నలూ పెరిగాయి. మూడు సెకన్లు కాగితం మీద ఏముంది! తరగతిలో నిలబడితే తెలుస్తుంది అదెంత పొడుగో.

వచ్చిన ప్రశ్నల్ని చార్టు మీద రాసి గోడకి అంటించి వదిలేయడం చాలా చోట్ల చూస్తున్నాను. "మా ప్రశ్నల గోడ" అని రంగుల అక్షరాలు, చుట్టూ పూలు, ఏడాది చివరిదాకా ఒక్క ప్రశ్న కదలదు. అలంకారం తప్ప ఇంకేం కాదు. ప్రశ్నల్ని పిల్లలతోనే గుట్టలు వేయించండి: చేసి చూస్తే తెలిసేవి, పుస్తకంలో వెతకాల్సినవి, తెలిసినవాళ్లని అడగాల్సినవి, ఎవరికీ తెలియనివి. "చీమ దారి మీద వేలితో రుద్దితే ఏం చేస్తుంది?" అనేది మొదటి గుట్ట. "చీమకి ఎన్ని కళ్లు?" రెండోది. రెండో గుట్టే నా దగ్గరకి, అంటే లైబ్రరీకి, పిల్లల్ని నడిపించుకొస్తుంది. ఒక ప్రశ్న పట్టుకుని వచ్చిన పిల్ల విషయసూచిక దానంతట అదే నేర్చుకుంటుంది. దానికోసం వేరే వర్క్‌షీట్ అక్కర్లేదు.

ఇక పలకాబలపం గారికి పుస్తకాల సంగతి. ఒకే విషయం మీద వేర్వేరు స్థాయిల్లో నాలుగైదు పుస్తకాల చిన్న సెట్టు కట్టుకోండి. బొమ్మలే ఎక్కువున్నది ఒకటి, పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నది ఒకటి, పేరాలున్నది ఒకటి, మీరు పైకి చదివి వినిపించేది ఒకటి. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల పుస్తకాల వెబ్‌సైట్ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగు పుస్తకాలు కూడా నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, ఉచితంగా దించుకోవచ్చు. వాటికున్న లైసెన్స్ ప్రకారం రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు ఉంచి మీ పిల్లలకి తగ్గట్టు వాక్యాలు తగ్గించుకోవచ్చు కూడా. ఒక్క జాగ్రత్త. అనువాదాలన్నీ ఒకేలా ఉండవు. తరగతికి తీసుకెళ్లే ముందు ఒకసారి మీరే పైకి చదివి చూడండి, నాలుక ఎక్కడ తట్టుకుంటే పిల్లలూ అక్కడే ఆగుతారు.

సూటిమాట

పుస్తకాల సెట్టు మంచి సలహా. ఒకే విషయం మీద చదివితే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. తడబడే పిల్లలకి ఆ పునరావృత్తే కావాలి. పైగా విషయం తెలిసి ఉండడం చదవడానికి ఎంత సాయమో రెక్ట్, లెస్లీ 1988లో చూపించారు. బేస్‌బాల్ గురించిన పాఠ్యభాగాన్ని 64 మంది పిల్లలకి ఇచ్చారు. ఆట తెలిసిన, చదవడంలో వెనకబడ్డ పిల్లలు, ఆట తెలియని మంచి చదువరుల కంటే బాగా అర్థం చేసుకున్నారు. కాబట్టి గింజల పని దండగని నేను అనడం లేదు.

కానీ దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. సైన్స్ పని, చదవడం, రాయడం మూడూ కలిపిన పాఠాల్ని అమెరికాలో 94 మంది నాలుగో తరగతి టీచర్లతో పరీక్షించారు. సెర్వెటీ, ఆమె తోటి పరిశోధకులు 2012లో ప్రచురించారు. కలిపి నేర్చుకున్న పిల్లలు, మామూలు పద్ధతిలో నేర్చుకున్నవాళ్ల కంటే సైన్స్ అవగాహనలో, సైన్స్ మాటల్లో, సైన్స్ గురించి రాయడంలో ముందున్నారు. చదవడంలో మాత్రం రెండు గుంపులూ సమానంగానే పెరిగాయి. అంటే కలపడం వల్ల చదవడం దెబ్బతినలేదు, అదనంగా పెరగనూ లేదు. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

పుస్తకాలబీరువా

రాయడంలో ముందున్నారన్న సంగతిని ఒక్క ముక్కలో తేల్చేశారు! నా లెక్కలో అది చిన్న లాభం కాదు.

సూటిమాట

ఒప్పుకుంటా. నాలుగో తరగతిలో అప్పటికే చదవగలిగిన పిల్లల సంగతి అది. మన ముందున్నది వేరు.

ఇద్దరుపిల్లలఅమ్మ

నేను టీచర్ని కాదు, చదువుతూ కూర్చున్నాను. ఒక్క మాట అడగొచ్చా? మా చిన్నది ఇలాంటి తరగతిలోనే ఉంది. ఇంటికొచ్చి గంటలకొద్దీ కబుర్లు చెప్తుంది, నోటుబుక్కు చూస్తే బొమ్మలు, నాలుగు వంకర వాక్యాలు, అక్షరదోషాలు అలాగే ఉన్నాయి. టీచర్ గారు దిద్దలేదు. మిగతా పేరెంట్స్ గ్రూపులో గొడవ పడుతున్నారు. ఇది మామూలేనా?

చీమలబారు

అమ్మా, పరిశీలన నోటుబుక్కయితే మామూలే. అది పిల్ల ఆలోచిస్తూ రాసుకునేది. అందులో ఎర్ర పెన్ను పడితే రేపటి నుంచి తప్పు రాదన్న మాటలే రాస్తుంది. "ఉబ్బింది" అని రాయడానికి భయపడి "పెద్దది" అని రాస్తుంది. కానీ దాంతోపాటు దిద్దిన రాత ఇంకోచోట ఉండాలి. టీచర్ గారిని అడగండి, దిద్దుబాటు ఏ నోటుబుక్కులో జరుగుతోందని. అసలెక్కడా జరగడం లేదంటే అప్పుడు గొడవ పడండి.

నిర్వాహకులు

పేరెంట్స్ గ్రూపుల గురించి వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, ఆ సంగతులు అక్కడ. ఇక్కడ సామగ్రి గురించే మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు

నా వంతు చిన్నది. మొలక పొడవు రోజూ కొలిపిస్తారు కదా, స్కేలు అంచు నుంచి కాకుండా సున్నా గీత నుంచి కొలుస్తున్నారో లేదో చూడండి. రెండూ ఒకటి కాని స్కేళ్లే ఎక్కువ. ఇంకోటి, కాగితపు పట్టీని మొలకంత పొడవు కత్తిరించి తారీఖు రాసి పక్కపక్కన అంటిస్తే అదే బార్ గ్రాఫ్. సెంటీమీటర్లు రాని పిల్ల కూడా చదవగలదు. పట్టికని, గ్రాఫుని చదవడం కూడా చదవడమే, తెలుగు పీరియడ్ వాళ్లు దీన్ని మాకు వదిలేస్తారు.

పలకాబలపం

ఇన్ని సలహాలు ఊహించలేదు, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. ఒకటి, మా సీనియర్ ఒకరు "గింజ మొలిచే టైమ్‌లాప్స్ వీడియో ఉంది కదా, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటున్నారు. రెండోది, తడబడే పిల్లలకి సరిపోయే పాఠ్యభాగాలు మొక్కల మీద దొరకడం లేదు. దొరికినవాటిల్లో "కిరణజన్య సంయోగక్రియ" రెండో వాక్యంలోనే వచ్చేస్తోంది. ఏఐతో రాయిస్తే?

చీమలబారు

వీడియో చూపించండి, చివర్లో. వాళ్ల మొలక పుస్తకంలోలాగే ముందు వేరు వేసిందా అని వాదన వచ్చినప్పుడు వీడియో మళ్లీ మళ్లీ ఆపి చూడడానికి పనికొస్తుంది. మొదటే చూపిస్తే జవాబు తెలిసిపోయి సంచుల వైపు ఎవరూ తిరిగి చూడరు.

సూటిమాట

ఏఐ రాసినది ముడి సరుకనుకుంటే ఫర్వాలేదు. వాక్యాలు పుస్తక భాషలో బిగుసుకుపోయి వస్తాయి, అప్పుడప్పుడు విషయమే తప్పుగా ఉంటుంది. ప్రతి వాక్యం మీరు చూడాల్సిందే. అంతకంటే మంచిది పిల్లల చేతే చెప్పించి మీరు బోర్డు మీద రాయడం. చాలా పాత పద్ధతి. వాళ్లు చేసిన పని, వాళ్ల మాటలు కాబట్టి ఏం రాసుందో ముందే తెలుసు. ఇక బుర్ర అంతా అక్షరం మీద పెట్టొచ్చు. దాన్నే మీ తరగతి పాఠంగా వారమంతా వాడండి.

అయితే ఒక మోసం ఉంది. తెలిసిన మాటలు కాబట్టి అక్షరం చూడకుండానే గడగడా అప్పజెప్పేస్తారు. అందుకే మర్నాడు వాక్యాల్ని పట్టీలుగా కత్తిరించి కలిపేసి ఇవ్వండి, మూడో రోజు మాటలుగా కత్తిరించండి. వరస చెదిరితే ఎవరు చదువుతున్నారో ఎవరు చిలకపలుకులు పలుకుతున్నారో బయటపడుతుంది.

పలకాబలపం

(కొన్నాళ్ల తర్వాత) చేశాను. సంచులు రెండూ మొలిచాయి, గోల కూడా చీమలబారు గారు చెప్పినట్టే జరిగింది. పక్క తరగతి టీచర్ తలుపు తీసి చూసి వెళ్లారు. పిల్లలు చెప్తుంటే బోర్డు మీద రాసింది ఇది:

*మా గింజలు*
*మేము గింజలను తడి కాగితంలో పెట్టాము. ఒక సంచి కిటికీ దగ్గర ఉంది. ఒక సంచి బీరువాలో ఉంది. బీరువాలోది మొలవదు అని చాలామంది అన్నారు. రెండూ మొలిచాయి. బీరువాలోది పొడుగ్గా ఉంది. కానీ పచ్చగా లేదు. అలా ఎందుకు అయింది? మాకు ఇంకా తెలీదు.*

చివరి వాక్యం తీసేద్దామంటే ఒప్పుకోలేదు. "తెలీదు కదా మేడమ్, అలాగే రాయండి" అన్నారు. దీన్ని పట్టీలుగా కత్తిరించి ఇచ్చాను. మామూలుగా పుస్తకం తెరిస్తే బల్ల కిందకి దూరే పిల్లవాడు "పొడుగ్గా" ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. "బీరువాలోది" రెండు పట్టీల్లో వచ్చిందని కూడా వాడే చూశాడు. అంతమాత్రాన చదవడం వచ్చేసిందని చెప్పను.

సూటిమాట

మంచి పాఠం. దీన్ని ఇంకొంచెం దగ్గరగా చూడండి, మీకే పనికొస్తుంది. ఇందులో ఒత్తులున్న మాటలు: పెట్టాము, దగ్గర, అన్నారు, పొడుగ్గా, పచ్చగా. అన్నీ ద్విత్వాలే, అదే అక్షరానికి అదే ఒత్తు. సంయుక్తాక్షరం ఒక్కటి కూడా లేదు. పిల్లలు మాట్లాడే తెలుగు ఇలాగే ఉంటుంది. ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలో అదే పాఠం తీయండి: సూర్యరశ్మి, పత్రం, పుష్పం, కిరణజన్య. ర్య, శ్మ, త్ర, ష్ప, న్య. అంటే బోర్డు మీది పాఠం ధారాళంగా చదివేసిన పిల్లవాడు కూడా పుస్తకం దగ్గర మళ్లీ ఆగిపోతాడు, వాడి తప్పేం లేకుండానే. ఈ రెండిటి మధ్య వంతెన ఎవరో ఒకరు కట్టాలి. అక్షరాల టైములో వచ్చే వారం పాఠంలో రాబోయే సంయుక్తాక్షరాలు రోజుకి రెండు తీసుకోండి. త్ర అయితే పత్రం, రాత్రి, చిత్రం, పాత్ర. పలికించండి, రాయించండి, మర్నాడు పుస్తకం పేజీలో వెతికించండి. పది పదిహేను నిమిషాలు, కానీ రోజూ. గింజల రోజు కూడా. తూతూమంత్రంగా చేస్తే వద్దు.

ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నారో పేరు పేరునా ఒక పట్టిక పెట్టుకోండి. "వెనకబడ్డారు" అంటే మనం చేయగలిగిందేమీ లేదు, "క్ష, జ్ఞ రావడం లేదు" అంటే రేపు పొద్దున్న ఏం చేయాలో తెలుస్తుంది.

పుస్తకాలబీరువా

ఇది దాచుకుంటున్నాను. స్టోరీవీవర్ పుస్తకాల్ని కూడా ఇలా ద్విత్వాలవి, సంయుక్తాలవి అని విడదీస్తే స్థాయి సంఖ్య కంటే ఎక్కువ తెలుస్తుంది.

చీమలబారు

పలకాబలపం గారూ, "మాకు ఇంకా తెలీదు" ఉంచినందుకు అభినందనలు. ఇప్పుడు వాళ్లకి పైకి చదివి వినిపించడానికి ఒక కథ ఉంది. బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌన్ల ఎండుమట్టి తూచి కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. తర్వాత తూచితే చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టి తగ్గింది 2 ఔన్సులే, అంటే 60 గ్రాముల లోపు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. మరి చెట్టు దేంతో తయారైంది? అక్కడ ఆపండి. మట్టి తిని పెరుగుతుందనే పిల్లలందరూ అనుకుంటారు, పెద్దలూ చాలామంది అదే అనుకుంటారు. ఆయన నీళ్లతోనే తయారైందన్నాడు. అది కూడా సగమే నిజం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయనకి తట్టలేదు. అంత శ్రద్ధగా తూచినవాడి తీర్మానం కూడా తప్పొచ్చని మూడో తరగతి పిల్లలకి తెలిస్తే నష్టం లేదు.

కొత్తటీచర్

నేను కూడా రెండో తరగతిలో సంచులు పెట్టాను. రాయలేనివాళ్లు బొమ్మ గీసి నాతో చెప్తే నేను కింద రాస్తున్నాను. ఒక పాప "గింజకి కింద ఎటో ఎలా తెలుసు?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇంకో సంగతి, ఒక సంచిలో బూజు పట్టింది, తెరిచి శుభ్రం చేయనా?

చీమలబారు

బూజు పట్టినది తెరవొద్దు. జిప్ మూసే ఉంచి, బూజు కూడా పిల్లలు బయటినుంచే గీసుకోనివ్వండి, తర్వాత అలాగే పారేయండి. ఈసారి కాగితాన్ని తడిపి గట్టిగా పిండి పెట్టండి, నీళ్లు నిలిస్తేనే బూజు ఎక్కువ.

ఆ పాప ప్రశ్న మొదటి గుట్టలోది, చేసి చూసేదే. వేరు వేలంత పొడవు కాకముందే సంచిని తలకిందులుగా గోడకి అంటించండి. రెండు మూడు రోజుల్లో వేరు కొన వంపు తిరిగి మళ్లీ కిందికే దిగుతుంది. వేరు కొనలో బరువైన పిండి రేణువులుంటాయి, అవి ఎటు జారితే అటు కింద అని మొక్కకి తెలుస్తుంది. అది తర్వాత చెప్పండి. ముందు "ఇప్పుడు తిప్పితే ఏమవుతుంది?" అని ఊహ రాయించండి, లేదా గీయించండి.

కొత్తటీచర్

గీయించాను. సగం మంది వేరు పైకే వెళ్తుందని గీశారు. ఆ పాప మాత్రం గింజ "తల తిరిగి పడిపోతుంది" అని నాతో రాయించింది. సంచి గోడ మీద ఉంది, వంపు తిరిగాక ఫోటో పెడతాను.

సూటిమాట

ఫోటోతో పాటు ఆ పాప వాక్యం కూడా పెట్టండి. "పడిపోతుంది"లో ఒత్తు లేదు, రెండో తరగతిలో అందరూ చదవగలరు.